కలువ తొట్టి క్షేమ సమాచారం

అంబత్తూరు,
అక్టోబరు 21

మహారాజశ్రీ ధర్మపత్ని నివేదిత గారి సముఖానికి, పెళ్లయి అయిదు నెలలైనా నాలుగు నెలలే భార్యను చూసిన నరేన్ మనవి.

మంచినీళ్ళ యంత్రం బిగించడానికి నువ్వు నికోబార్ వెళ్ళి నేటికి ముప్పైయెనిమిది రోజులు. ఆడ ఫోనులో మాట నిలవదు, సాయంత్రం జెట్టీ చివర నిలబడితే ఫోటో మాత్రం అందుతుంది గనుక ఉత్తరం రాసి ఫోటో పంపుకోవాలన్న నీ తీర్పును శిరసావహిస్తున్నాను.

ఇక దోమలు. ప్రయాణికుల కోసం నేను తయారుచేసిన ఈ జ్వర లక్షణాల పట్టీ అద్దం పక్కన అంటించుకో. వేళ తప్పకుండా చలి, వణుకు, తర్వాత జ్వరం, ఆపైన చెమట వస్తే మలేరియా. ఉన్నట్టుండి జ్వరం, కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళు నొప్పులు, దద్దుర్లు వస్తే డెంగీ. కీళ్ళు వాచి నడక మారితే చికున్‌గున్యా. పట్టీ చూసి అనుమానపడు, పేరు మాత్రం రక్తపరీక్షను పెట్టనీ.

డాబా మీద నువ్వు నాకప్పగించిన కలువ తొట్టి క్షేమం. ఎప్పటిలాగే రోజూ నీళ్ళు నింపి, పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నాను. నిన్న మొలక కనిపించింది.

ఇట్లు,
తొట్టి సంరక్షకుడు నరేన్

తా.క.: నీ దిండు గలీబు ఉతుకుతానంటోంది అమ్మ. నేను ఒప్పుకోలేదు.

నికోబార్,
అక్టోబరు 23

బావకు,

మొలక సంగతి నాలుగుసార్లు చదివాను. ఎంత ఎత్తుందో, ఏ రంగో వివరంగా రాయి.

పట్టీ అంటించాను. నాకేం లేదు. రోజూ సాయంత్రం ఆరింటికి వణుకొస్తుంది, అరగంటలో పోతుంది, అంతే.

నీ నివీ

తా.క.: దిండు జోలికి పోవద్దని అత్తతో చెప్పు.

అంబత్తూరు,
అక్టోబరు 24

మొండి భార్యకు,

రోజూ ఆరింటికే వణుకా? పైగా ‘అంతే’నా? పట్టీలో మొదటి వరుస మళ్ళీ చదివి ఆసుపత్రికి నడువు. వేలు గుచ్చిన ఫోటో వస్తేగాని అన్నం ముట్టను.

నిజం చెప్పాలంటే ఇప్పటికే ముట్టడం లేదు. మూడు రోజులుగా విరహం ముదిరింది. నోటికి రుచి లేదు. నీ ఫోటో వైపు కళ్ళు తిప్పితే కళ్ళ వెనక సలుపు. ఒళ్ళంతా ఎవరో చితక్కొట్టినట్టుంది, పెనంలా కాలుతోంది. ప్రేమ ఇంత వేడిగా ఉంటుందని పెళ్ళిలో ఎవరూ చెప్పలేదు. అమ్మ “ఈడ ఉక్కపోస్తా ఉందిరా, ఆడ డాబా మీద కాసేపు పండుకో, సరియా” అంది. పగలంతా తొట్టి పక్కనే ఉంటున్నాను.

మొలక బొటనవేలంత, లేత ఎరుపు. రెండు ఆకులు కూడా వచ్చాయి. కార్పొరేషన్ నుంచి దోమల తనిఖీకి రాసాత్తి అక్క వచ్చింది. నిలవ నీళ్ళు కనిపిస్తే బోర్లించిపోతుంది కదా, ఆమె మెట్లెక్కేలోగా నీ పచ్చచీర తొట్టి మీద పరిచాను.

“ఎన్న తంబీ, చీర తొట్టి మీద ఆరేస్తారా?”

“మా ఇంట్లో ఇట్లానే అక్కా.”

ఇట్లు,
విరహి నరేన్

తా.క.: చేతుల మీద ఎర్రటి చుక్కలు లేచాయి. పులకింతలు రెండు రోజులైనా పోవా?

నికోబార్,
అక్టోబరు 24, సాయంత్రం

పిచ్చి బావకు,

వేలు గుచ్చారు. మలేరియా లేదు. తడి బట్టలతో సముద్రపు గాలిలో, నీ ఉత్తరం ఫోనులోకి దిగేదాకా జెట్టీ మీద అరగంట నిలబడితే ఎవరైనా వణుకుతారు.

నీ పట్టీని నీ ఉత్తరం పక్కన పెట్టి చూశాను. జ్వరం, కళ్ళ వెనక నొప్పి, చుక్కలు. ప్రయాణం నాది, లక్షణాలు నీవి. అది విరహం కాదు, డెంగీలా ఉంది. ఈ రోజే ఆసుపత్రికి పో. నొప్పి మాత్రలు సొంతంగా మింగొద్దు. జ్వరం తగ్గిందని లేచి తిరగొద్దు, కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళలో రక్తం అప్పుడే మొదలవొచ్చని ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది.

తొట్టి బోర్లించు. ఆకులున్నా సరే.

నివీ

తా.క.: నిజంగా విరహమే అయితే క్షమించు. ముందు రక్తం ఇవ్వు.

ఆసుపత్రి, మూడో అంతస్తు,
అక్టోబరు 29

నివీకి,

డెంగీనే. ప్లేట్‌లెట్లు యాభైఎనిమిది వేలకు దిగి, నిన్నటి నుంచి ఎక్కుతున్నాయి. భయం లేదన్నారు.

రాసాత్తి అక్క చీర తీసి చూస్తే నీళ్ళ నిండా దోమ పురుగులు. బోర్లించేసి, “చెట్టేదీ?” అని అమ్మను అడిగిందట. ఒప్పుకుంటున్నాను. మొలక రాలేదు, ఆకులూ రాలేదు. నువ్వు అంత దూరంలో ఎదురుచూస్తుంటే ఇంకా రాలేదని రాయడానికి చేయి రాలేదు. ఈ రోజు కాకపోతే రేపైనా లేస్తుందని నీళ్ళు పారబోయలేదు. నీ కలువను చంపేశాను.

నరేన్

తా.క.: నన్ను కుట్టింది మన తొట్టిలో పుట్టిన దోమే. ఇంటిపేరు మనదే.

నికోబార్,
అక్టోబరు 30

బావా,

నేనూ ఒప్పుకోవాలి. ఆ తొట్టిలో కలువ లేదు. నాటాల్సిన దుంప నా టిఫిను డబ్బాలోనే ఓడ ఎక్కేసింది. చెబుదామనుకునేలోగా, రోజూ తొట్టి పక్కన కాఫీ తాగుతున్నానని మొదటి ఉత్తరాల్లోనే రాశావు. చెబితే మెట్లెక్కడం మానేస్తావనిపించింది. ఆ వేళకు నేనూ ఇక్కడ కాఫీ కలుపుకునేదాన్ని. లేని దుంపకు నువ్వు మొలక తెప్పించిన రోజు నవ్వాను, తర్వాత ఏడ్చాను. మొలకలాగే నీళ్ళూ నీ కల్పనే అనుకున్నాను. ఈ జ్వరం నా వల్లే.

దుంప నా కిటికీ దగ్గర పెయింటు డబ్బాలో ఉంది, దోమ పురుగుల్ని తినే రెండు గప్పీ చేపలతో. నిన్న నిజంగానే మొలకెత్తింది. ఎంత ఎత్తో, ఏ రంగో రాయను. సెలవు దొరికింది. ఆదివారం నువ్వే చూద్దువు.

నీ నివీ

తా.క.: గలీబు ఉతికేయమని అత్తతో చెప్పు.