హాజరు పాటలో రెండో గొంతు

చి. గువ్వకు,

తాతయ్య ఆశీస్సులు. "భయపడకు, పక్కనే నిలబడి మొదటి అక్షరం నేనందిస్తాను" అని నా చిన్నతనంలో ఒకాయన నాకు మాటిచ్చాడు. తప్పాడు. ఆయన సంగతి చివర్లో చెబుతాను. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్నకు నడుంనొప్పి తగ్గింది, గొణుగుడు తగ్గలేదు. మీ అమ్మ నీ రెండో ఆల్బమ్ మొదటిసారి విని, "మామయ్యగారూ, మన పిల్ల పాడుతోందా, ఎవరితోనైనా పోట్లాడుతోందా?" అని అడిగింది. ఇప్పుడు గిన్నెలు తోముతూ తనూ పోట్లాడుతోంది.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను, సమీక్షలు రెండూ చదివాను. 'హాజరు' పాటలో ప్రతి చరణం మొదట్లో ఇంకో గొంతు దొర్లిందనీ, కంపెనీ అండ లేకుండా సొంతంగా తీసే ఆల్బమ్‌లకు ఈ అశుభ్రత తప్పదనీ వారపత్రికవాడు రాశాడు. చివరి పేజీ దాకా వెళ్ళకుండానే పుస్తకానికి తీర్పు చెప్పే ఈ జాతిని నేను జీవితమంతా చదువుతూనే ఉన్నాను. రెండోవాడు నిన్ను ఆకాశానికెత్తాడు. 'జంటగొంతుల సాహసోపేత ప్రయోగం' అట! తిట్టినవాడికి మనసు లేదు, పొగిడినవాడికి చెవులు లేవు. తిట్టినవాడికి ఓ ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను. మీ నాన్న చదివి సగం కొట్టేశాడు.

ఇక అసలు ప్రశ్న. "ఆ గొంతు తీసేసి పాటను మళ్ళీ విడుదల చేయనా తాతయ్యా? సౌండ్ ఇంజినీరు సరేనన్నాడు, నీ మాట కోసమే ఆగాను" అని రాశావు.

పోయిన వేసవిలో మీ స్టూడియోలో ఓ మూల కూర్చున్నాను, గుర్తుందా? గోడలకు పాత పరుపులు, కిటికీకి కంబళి, లోపల ఊపిరాడని ఉక్క. అంతసేపూ గలగలా మాట్లాడినదానివి, మైకు ముందుకెళ్ళి 'పేరు' అనే మాట దగ్గర ఆగిపోయావు. పెదవులు అతుక్కుపోయాయి. మెడనరాలు తేలాయి. ఆ పొడుగాటి ఇంజినీరు హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుని వచ్చి నీ పక్కన నిలబడ్డాడు.

"నేను 'పే' అంటా, నాతోపాటు అను. ఆ తర్వాత నీ తిప్పలు నువ్వు పడు."

"అన్నా, నీ గొంతు కూడా పడుతుంది."

"పడనీ. నా గొంతుకేం, బంగారం. మీ వదిన తప్ప అందరూ ఒప్పుకుంటారు."

నువ్వు ఫక్కున నవ్వావు. ఇద్దరూ కలిసి 'పే' అన్నారు. అంతే, ఆ తర్వాత నిన్ను ఆపేవాళ్ళు లేరు. మొదటి ఆల్బమ్‌లో ఆయన గొంతు చెరిపేశారు కదా. ఈసారి ఉంచారని ఆ సమీక్ష చూశాకే నాకు తెలిసింది.

నత్తి ఉన్నవాళ్ళకు మొదటి అక్షరం ఇంకొకరు కలిపితే మాట దొరుకుతుంది. ఆ సంగతి నాకెలా తెలుసంటావా? నాకూ నత్తే, తల్లీ. నీకొచ్చింది నా దగ్గర్నుంచే. 'ప'తో మొదలయ్యే మాట నాకు పెగలదు. పాలు తాగాలనిపించినా టీ అనే అడుగుతాను. ఫోనెత్తితే 'ఊ', 'సరే' అని పెట్టేసి, ఉత్తరాలు మాత్రం బారెడు రాస్తాను. మీ నానమ్మను బతికున్నన్నాళ్ళూ 'ఇదిగో' అన్నాను. అంతా పెద్దరికం అనుకున్నారు. ఆవిడకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ముక్కోపినని బంధువులు జడుస్తారు. కోపిష్టివాణ్ణి ఎవరూ ఎక్కువసేపు మాట్లాడించరు, నాకు అదే సుఖం. గువ్వా అంటానే తప్ప పేరుపెట్టి పిలవనని నువ్వు అలిగేదానివి. నీ అసలు పేరూ 'ప'తోనే కదా మరి.

నిన్న తలుపేసుకుని 'హాజరు' పెట్టాను. టీచరు హాజరు పిలుస్తుంటే తన పేరు తను చెప్పుకోలేని ఆ పిల్ల నువ్వే. చివరి చరణం దగ్గర ఆ పొడుగాయన 'పే' అన్నాడు. నేనూ అన్నాను. ఆ వెంటే నీ పేరు వచ్చే చోట అదీ అన్నాను. ఎక్కడా తెగకుండా మొత్తం వచ్చింది. పాట మళ్ళీ పెట్టి మళ్ళీ అన్నాను. మీ అమ్మ తలుపు తట్టి, "ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది. మీ నానమ్మ పేరు అనే ధైర్యం ఇంకా రాలేదు.

ఆ గొంతు తీసేస్తే నాకింకెవరు అందిస్తారు? తీయకు.

మాట తప్పినాయన కూడా ఇంట్లో రోజూ అలాగే నాకు అక్షరం అందించేవాడు. బడిలో పద్యం చెప్పాల్సిన రోజున వేదికెక్కి పక్కకు చూశాను. లేడు. ముందు వరసలో స్నేహితుల మధ్య కూర్చుని, నేను 'ప... ప...' అంటుంటే అందరికంటే ముందు నవ్వాడు. ఆ తర్వాత నేను ఏ వేదికా ఎక్కలేదు. ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్ళంతా ఎంత మంచివాడో అన్నారు. నేను 'ఊ' అన్నాను.

నీకూ, పక్కన నిలబడ్డ ఆ పొడుగాయనకూ, ఆఖరికి ఆ వారపత్రికవాడికీ రుణపడి ఉన్నాను. అతను తప్పుపట్టకపోతే ఆ గొంతు కోసం చెవి పెట్టేవాణ్ణి కాదు. అతనికింకో ఉత్తరం రాస్తాను, ఈసారి మీ నాన్న కొట్టేయడానికేమీ ఉండదు.

ఇట్లు,
అందరినీ క్షమించి, మా అన్నయ్య ఒక్కణ్ణే క్షమించలేని
నీ తాతయ్య.