సోమవారం బాడుగ

జూన్ 2, సోమవారం
మగ్గం చప్పుడు లేని మొదటి పొద్దు. లుంగీల నేత ఆపేసి డ్రైవరునయ్యాను — పాత తెల్ల కారు, కొత్త పసుపు బోర్డు. కల్పన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ముందుకు పోనిస్తే ఒకటి నలగకుండా పక్కకు దొర్లింది. మొగుడూ పెళ్లాం ఇద్దరమూ చూసీ చూడనట్టు ఊరుకున్నాం.

యాప్ మోగింది. మొదటి బాడుగ సరస అనే ఆమె. పరదరామి దారిలో ఎక్కి వేలూరు సత్తువాచారిలో కలెక్టరాఫీసు దగ్గర దిగింది. "ఇంట్లో మాట్లాడేది తెలుగేనప్పా, సదివింది మాత్రం అరవం." దారి పొడుగునా వెనక్కి తిరిగి రోడ్డే చూస్తూ కూర్చుంది.

జూన్ 5, గురువారం
గుడియాత్తం బస్టాండు, వేలూరు, మళ్లీ బస్టాండు. నడుము నొప్పి మగ్గం నాటిదే. పోనీ, నా బండికి నేనే యజమానిని.

జూన్ 9, సోమవారం
సరస ఈసారి నాకే నేరుగా ఫోన్ చేసింది. ప్రతి సోమవారం అర్జీ ఇస్తుందట. వాళ్ల చేను పక్కన కంకర క్వారీ, పేలుళ్లకు ఇంటి గోడలు నెర్రెలిచ్చాయి. ఊళ్లో మిగతావాళ్లంతా సంతకాలు వెనక్కి తీసుకున్నారు.

గుడియాత్తం దాటగానే వెనక ఒక బైకు. నేను మెల్లగా పోతే అదీ మెల్లగా...
"తిరిగి సూడొద్దప్పా. వాళ్లకు కావాల్సింది అదే."

జూన్ 12, గురువారం
పెట్రోలు బంకులో ఎవడో వచ్చి బానెట్ నిమిరాడు. "కొత్తగా దిగినావా అన్నా ఈ పనిలోకి? మంచిది. సోమవారాలు మాత్రం ఇంటికాడ ఉండు." నవ్వుతూనే అన్నాడు. పోతూ పోతూ కల్పనను పేరు పెట్టి అడిగాడు, బాగుండాదా అని.

భయమేస్తోంది. సరస ఇక ఫోన్ చేయకుంటే బాగుండును.

జూన్ 16, సోమవారం
చేసింది. కాదనలేకపోయాను. పొద్దున దింపి, తిరిగి తీసుకుపోదామని వేలూరులోనే ఆగాను. మధ్యాహ్నం మళ్లీ ఫోన్ — "పని ముగిసిందప్పా. అవసరం లేదు." పెట్టేసింది. ఇంకెవరితోనో పోతుంది కాబోలు అనుకున్నాను. గుండె తేలికైంది, నిజం. గుడియాత్తానికి బాడుగ దొరికితే ఎక్కించుకొని వచ్చేశాను.

దీపాల వేళ సరస వాళ్లమ్మ ఫోన్. "సరస యాడుండాది నాయనా? ఇంకా ఇంటికి రాలేదే."
సరస నంబరు స్విచాఫ్.

జూన్ 17, మంగళవారం
తెల్లారేసరికి వాళ్లమ్మ మా వాకిట్లో. స్టేషనుకు తీసుకెళ్దామని నేను కాఫీ గబగబా మింగుతున్నాను. "అవసరం లేదు నాయనా, మెల్లిగా తాగు" అంది ఆమె.

గ్లాసు చేతిలోనే ఆగిపోయింది.

అరవంలో అవసరమంటే తొందర. ఈ పక్క తెలుగువాళ్లు తెలుగులోనూ అదే అర్థంతో వాడతారు. చిత్తూరులో అవ్వ దగ్గర పెరిగిన నాకు అవసరం లేదంటే అక్కర్లేదని. సరస నన్ను రావద్దనలేదు. నిదానంగా రమ్మంది. తెలియని మాటేం కాదు, ఆ క్షణాన తట్టలేదు...

స్టేషనులో చెప్పేసి కలెక్టరాఫీసుకు పోయాం. గేటు పక్కన టీ అంగడామె: "శానా సేపు నిలబడింది. తెల్ల కారొకటి వచ్చినాది. తానే తలుపు తీసుకోని ఎక్కింది. నీదే అనుకున్నా నేను గూడా."

వాళ్లమ్మ నా వైపు తిరగలేదు.

జూన్ 18, బుధవారం
స్టేషనుకు మళ్లీ పిలిపించారు. సరస అన్న మాట అరవంలో చెప్పాను. ఎస్సై: "అంటే మెల్లిగా రమ్మన్నట్టే గదా. ఎందుకు పోలేదు?" తెలుగులో దానికి ఇంకో అర్థం ఉందన్నాను. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. నా కారు సీట్లు ఎత్తి చూశారు. ఊరు విడిచి పోవద్దన్నారు. బంకులో వాడి గురించి చెప్పాను... ఎవరూ రాసుకోలేదు.

జూన్ 20, శుక్రవారం
అన్నం వడ్డిస్తూ కల్పన — "ఆ పొద్దు నీకు అర్థం కాలేదా? అర్థం కాకుంటే మేలనుకున్నావా?"
తినకుండా లేచాను.

జూన్ 22, ఆదివారం
యాప్ ఆపేసి ఉంచాను. సరస జాడ లేదు. సాయంత్రం వాళ్లమ్మ ఫోన్. ఏడవలేదు. "రేపు సోమవారం. ఈ తూరి అర్జీ నేను ఎత్తుకోని పోతా. వస్తావా నాయనా?"

చెబుతానన్నాను. ఆమె ఫోన్ పెట్టలేదు. చివరికి నేనే పెట్టేశాను.

కల్పన కారు తాళం తెచ్చి ఈ డైరీ పక్కన పెట్టింది. తీసుకొమ్మనో, దాచెయ్యమనో... తను లోపలికి పోయింది.