అమ్మ దిగని ఫోటో

విరుదునగర్,
14-12-2009.

కోవిల్‌పట్టిలో ఉన్న పొన్నయ్య అన్నకు తమ్ముడు రాసేది.

ఫోన్‌లో నా గొంతు వినగానే మళ్లీ ఏదో వేళాకోళమనుకుని పెట్టేస్తావు. ఉత్తరాన్నైతే మధ్యలో కట్ చేయలేవుగా! అన్నా, ఇది వేళాకోళం కాదు. అమ్మ గుండెకు వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు.

సర్కారు ఇన్సూరెన్సు కార్డు ఉంటే మనకు ఖర్చు లేదు. మా కార్డులో అందరమూ ఉన్నాం, అమ్మ లేదు. తప్పు నాదే. కార్డుకు ఫోటోలు తీసిన రోజు వరుసలో నిలబడి అమ్మతో, "ముసలోళ్లను ఆ కెమెరా పెట్టె చూసిందంటే ఆయుసు లాగేస్తుందిమా" అన్నాను. అందరూ నవ్వారు. అమ్మ మాత్రం చెప్పులు కూడా వదిలేసి ఇంటికి పోయింది. నాయన ఓటరు కార్డుకు ఫోటో దిగిన నెలలోనే పోయిన సంగతి ఆ నిమిషాన నాకు గుర్తు రాలేదు.

ఆమె స్వయంగా వచ్చి ఫోటో దిగితే పేరు చేరుస్తారట. శుక్రవారం వరకే గడువు. "చుమ్మా, ఊరికే ఎగతాళికి అన్నానుమా, రా" అని బతిమాలాను.

"పోరా పోకిరోడా! అప్పుడు చెప్పింది అబద్దమా, ఇప్పుడు చెప్పేది అబద్దమా, నీకే తెలీదు" అంది.

రెండు మెట్లు ఎక్కితే ఆమె పెదాలు నల్లబడుతున్నాయి. నువ్వు చెబితే నమ్ముతుంది. ఫ్యాక్టరీకి లీవు పెట్టి గురువారం మొదటి బస్సుకే రా. ఫోటో తీసేదాకా ఆమె చెయ్యి నువ్వే పట్టుకో. ఆమెను ఆ పెట్టె ముందు కూర్చోబెట్టాలంటే ఇప్పుడు నాయన గుర్తొచ్చి నాకే భయమేస్తోంది.

నీ తమ్ముడు