గూట్లో పెట్టిన చెంబు

అత్తా,

ఈరోజు నీ సంవత్సరీకం. పొద్దుటి నుంచి నా మనవరాలికి నీళ్ల విరేచనాలు. ఏడాదిన్నర పిల్ల, కడుపునొప్పికి మెలికలు తిరిగిపోయింది. ఆశా వర్కర్ ఇచ్చిన ఓఆర్ఎస్ పొడి లీటరు నీళ్లలో కలిపి నేను చెంచాతో తాగిస్తుంటే, నీ కూతురు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నీళ్లు తాపకు వదినా. తాపినకొద్దీ దొడ్డికి పోతది. మా అమ్మ గట్లనే చెప్తుండె."

నువ్వు చచ్చినా నీ మాట చావలేదు.

"మీ అమ్మ మాట ఇన్నందుకే నా పెద్దపిల్ల పోయింది. చెయ్యి తియ్యి," అన్నాను. చుట్టాలంతా విన్నారు. విననీ.

నా పెద్దపిల్లకు అప్పుడు రెండేళ్లు. నీళ్లు నీళ్లు అని అది ఏడుస్తుంటే నువ్వు చెంబు తీసి గూట్లో పెట్టావు. మూడో రోజుకు ఏడ్చినా దానికి కన్నీళ్లు రాలేదు. ఆ గూడు నాకు అందే ఎత్తులోనే ఉంది. నీకు భయపడి నేను చెంబు తియ్యలేదు. ఆ ఒక్క తప్పు నీది కాదు.

మధ్యాహ్నానికి మనవరాలు ఉచ్చ పోసింది. ఒంట్లో నీళ్లు నిలుస్తున్నాయని ఆశా వర్కర్ చెప్పింది. పోసింది నీ ఫొటో ముందు పరిచిన చాప మీదే. నేను తుడవలేదు.

చివరి రోజు నువ్వూ నీళ్లడిగావు అత్తా. నీ కూతురు అప్పటికింకా దారిలో, పాన్‌గల్ బస్సులోనే ఉంది. గూట్లోంచి ఆ చెంబే తీసి, చెంచాతో నీ నోట్లో పోసింది నేనే.