ముక్కు లేవని పలక

నంద్యాల, 12-2-83

చిరంజీవి దేవసహాయానికి నాయన దీవెనలు. మద్రాసులో తెల్లదొరలకు పలకేసుకొని సముద్రం అలల మీద నిలబడడం నేర్పుతావు గదా, ఆ పలక విరిగి, పని పోయేటట్టుందని రాసినావు. ఆళ్లగడ్డలో తేలిక బూరుగు చెక్క ఏరి కొత్తది చేసినాను. తలుపులు చేసే అలవాటుకొద్దీ కొస దాకా మట్టంగా చిత్రిక పట్టినాను. నిన్న కుందూ ఏట్లో మన గురవయ్య చిన్నాయన దాని మీద పడుకోగానే పలక ముక్కు, అదే ముందు కొస, నీళ్లలోకి దిగి ఆయన్ని ముంచేసింది.

"ఏందన్నా, పలక చేసినావా, నాగలి చేసినావా? సక్కంగా అడుక్కే పోతాండాది!" అని గట్టెక్కి నవ్వినాడు. నాకు మాత్రం నువ్వే మునిగినట్టు కనిపించింది.

చెక్కను పైకి వంచే సత్తువ నా చేతుల్లో లేదు. నా పలక కోసం కాచుకోవద్దు. పాతదైనా సరే, ముక్కు పైకి లేచి, ఛాతీ కింద మందంగా వెడల్పుగా, నీకన్నా జానెడే పొడవున్నది కొనుక్కో. చిన్న అలలకూ మోస్తరు అలలకూ అదే పనికొస్తుందంట. కోడలికి జ్వరం తగ్గిందా?

నిన్ను నీళ్లమీద నిలబెట్టడం నా వల్ల కాలేదు. ఆ ప్రభువే నిలబెట్టాలి.

మీ నాయన,
రాజరత్నం