మట్టి పలక మీద మామయ్య మాట

ఫిబ్రవరి 11, ఆదివారం
మధ్యాహ్నం, భోజనాలయ్యాక

మా పిచ్చుకతో చెప్పు: మీ మామయ్య ఇలా అంటున్నాడు.

నీకూ, మీ అమ్మకీ, నాన్నకీ దేవుళ్లంతా కలిసి నిండు ఆయుష్షు ఇవ్వాలి. మీ ఇంటి గోడలు గట్టిగా ఉండాలి. మీ గొర్రెలు కులాసాగా ఉండాలి. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం.

మీకు గొర్రెల్లేవని నాకు తెలుసులే, నవ్వకు. నాలుగు వేల ఏళ్ల కిందట మట్టి పలకల మీద ఉత్తరాలు ఇలాగే మొదలయ్యేవి. ఫలానా వాళ్లతో చెప్పు, ఫలానా వాడు ఇలా అంటున్నాడు అని మొదలుపెట్టి, దేవుళ్లు నిన్ను చల్లగా చూడాలని దీవించి, అప్పుడు అసలు విషయానికొచ్చేవాళ్లు. గొర్రెలు మాత్రం నేను కలిపినవి. ఆ 'చెప్పు' అన్న మాట ఎవరితో అన్నదో తర్వాత చెప్తాను, గుర్తుపెట్టుకో.

ఇక అసలు విషయం. మీ అమ్మ నిన్న పొద్దున్నే ఫోన్ చేసింది. మామూలుగా ముందు నా ఆరోగ్యం అడిగి, నేను నోరు తెరిచేలోపే తన కష్టాలు మొదలెడుతుంది. నిన్న నా ఆరోగ్యం కూడా అడగలేదు. అప్పుడే అనుకున్నాను, సంగతి నీ గురించేనని. పెన్ను పట్టుకుంటే నీ చెయ్యి వణుకుతోందట. డాక్టరు చూసి, భయపడాల్సిందేమీ లేదు, కొందరి చేతులంతే అన్నాడట. ఆ వణుకుతో మూడు గంటలు రాయలేవు కాబట్టి, నువ్వు చెప్తుంటే రాసిపెట్టడానికి కింది తరగతి అమ్మాయిని పక్కన కూర్చోబెడతామని స్కూలువాళ్లు ఒప్పుకున్నారట. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత చెప్పిందే నాకు మింగుడుపడలేదు. నువ్వు వద్దన్నావట. రాత నాది కానప్పుడు ఆ పరీక్ష నాదెలా అవుతుందని అడిగావట. మామయ్యలా ముత్యాల్లాంటి అక్షరాలు వచ్చేదాకా పరీక్షకే వెళ్లను, ఏడాది పోతే పోనీ అని భీష్మించుక్కూర్చున్నావట. స్కూలువాళ్లకి ఈ శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలట.

పైగా నా దగ్గర్నించి వచ్చిన పుట్టినరోజు ఉత్తరాలన్నీ నీ బల్ల ముందు గోడకి అతికించి, సాయంత్రం పూట వాటిని చూసి దిద్దుతున్నావట. ఆ బంగారంలాంటి ఆలోచన తనదేనని మీ అమ్మ గర్వంగా చెప్పింది. చిన్నప్పుడు మా తమ్ముడి రాత కోడి గెలికినట్టుండేది, మ్యూజియంలో చేరాక ముత్యాలైపోయింది, నువ్వూ సాధన చేస్తే అదే వస్తుంది అని రోజూ నూరిపోస్తోందట. మీ అమ్మకి నేనంటే అభిమానం ఎక్కువ, ఏం చేస్తాం. ముందు వాటిని గోడ మీంచి పీకెయ్. ఈ ఉత్తరంలో అది మొదటి ఆజ్ఞ.

నాకు కోపం రాలేదు. అబద్ధం, వచ్చింది. మీ అత్తయ్య ఎదురుగానే కూర్చుని ఉంది, నేను అబద్ధమాడితే కళ్లజోడు మీంచి ఒక చూపు చూస్తుంది. రాత చరిత్ర చెప్పుకుని పొట్టపోసుకునే వాడి మేనకోడలివై ఉండి, ఆ చరిత్రలో మొదటి పాఠమే తెలీకుండా ఏడాది పోగొట్టుకుంటానంటే నాకు ఒళ్లు మండదా మరి?

నువ్వు మా మ్యూజియంకి వచ్చినప్పుడు గదులన్నీ తిప్పి చూపించాను, గుర్తుందా? చేతులు వెనక్కి కట్టుకుని మహారాజులా నడుస్తున్నావేంటి మామయ్యా అని ఏడిపించావు. నీ ధ్యాసంతా కింద గేటు దగ్గర ఐస్‌క్రీం బండి మీదే ఉంది, నాకు తెలీదనుకోకు. అందుకని ఇప్పుడు మళ్లీ తిప్పుతాను. ఈసారి ఐస్‌క్రీం లేదు.

మొదటి గదిలో, కిటికీ పక్కనున్న అద్దాల పెట్టెలోది మట్టి పలక. అరచేతిలో పట్టేంత ఉంటుంది. తడిమట్టి మీద రెల్లుపుల్ల కొనతో గుచ్చి రాసేవాళ్లు. గీయడం కాదు, గుచ్చడం. అందుకే ఆ అక్షరాలు మేకులు పరిచినట్టుంటాయి. ఏం రాశారని చూస్తే, ఎవరి కొట్టులో ఎంత బార్లీ ఉంది, ఎవరి మందలో ఎన్ని గొర్రెలున్నాయి, ఇదీ గొడవ. చూడ్డానికొచ్చిన వాళ్లు ఏ పద్యమో ఉందనుకుని ఆశగా వంగి చూస్తారు, నేను బార్లీ అనగానే మొహాలు వేలాడేస్తారు. అందం సంగతి తర్వాతమ్మా. మనుషులు రాయడం మొదలెట్టింది మర్చిపోతామన్న భయంతో.

దాని పక్కనే బన్నులా ఉబ్బిన గుండ్రటి పలక ఒకటుంది. అది బడిపిల్లవాడిది. ఒకవైపు గురువుగారు తీరుగా రాసిచ్చారు. తిరగేస్తే, అది చూసి పిల్లవాడు దిద్దిన రాత. వరసలు కిందకి జారిపోయి, మేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కేసి, అబ్బో, చూడలేం. నీ గోడ సంగతి విన్నప్పుడు నా కళ్లముందు ఈ పలకే మెదిలింది. ఆ పిల్లవాడికి విసుగొస్తే మట్టిని ముద్దచేసి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. నీ ఏడాదిని అలా ముద్దచెయ్యడం కుదరదు.

రెండో గదిలో బొమ్మలతో రాసేవాళ్ల రాళ్లున్నాయి. అక్కడ ఎటునుంచి ఎటు చదవాలో తెలియాలంటే పక్షుల మొహాలు చూడాలి. అవి ఎటు చూస్తుంటే అటునుంచి మొదలుపెట్టాలి. ఇంకో గోడకి ఉన్న రాతిలో ఒక వరస ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, దాని కిందది కుడి నుంచి ఎడమకి వెనక్కొస్తుంది, ఎద్దులు పొలం దున్నినట్టు. మాటకీ మాటకీ మధ్య జాగా కూడా వదిలేవాళ్లు కాదు. మీ టీచరు చూస్తే ఎర్రసిరా అయిపోయేదాకా సున్నాలు చుడుతుంది. అయినా ఆ రాత బతికింది, చదువుతున్నాం, అర్థమవుతోంది.

చివర్లో తాటాకులు. ఆకు మీద ఇనుప గంటంతో తిన్నగా గీత లాగితే ఆకు చీలిపోతుందని, అందుకే మన అక్షరాల్ని గుండ్రంగా తిప్పారని చెప్తారు. అంటే నువ్వు ప్రాణం పెట్టుకున్న ఆ గుండ్రదనం ఆకు చిరక్కుండా చేసుకున్న ఏర్పాటు. నీ నోటుబుక్కు చిరగదు. సున్నా కాస్త కోడిగుడ్డులా వచ్చినంత మాత్రాన కొంపేం మునగదు.

ఇప్పుడు నువ్వడిగిన ప్రశ్నకొస్తాను. ఒకరు చెప్పి ఇంకొకరు రాస్తే అదెవరిది?

మొన్న గురువారం ఒక బడి నుంచి పిల్లలొచ్చారు. వాళ్లకి మట్టి ముద్దలూ పుల్లలూ పంచిపెట్టించి, నేను ఎప్పటిలాగే ఉపన్యాసం దంచుతున్నాను. ఆ రోజుల్లో రాజుల్లో చాలామందికి రాయడం రాదు, లేఖకుడు రాసేవాడు అన్నాను. ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తి, రాయడం రానివాడు రాజెలా అయ్యాడండీ అని అడిగింది. వాళ్ల టీచరు సిగ్గుపడిపోయి ఆ పిల్లని కూర్చోమంది. నేను వద్దన్నాను. ఆ పిల్లనే ముందుకి పిలిచి, నువ్వు రాణివి, ఏదో ఒక ఆజ్ఞ ఇవ్వు, నీ పక్కపిల్ల రాస్తుంది అన్నాను. ఏమాత్రం తడుముకోకుండా, రేపట్నించి లెక్కల క్లాసు రద్దు అంది! పక్కపిల్ల నాలిక బయటపెట్టి కష్టపడి గుచ్చింది. ఇప్పుడు చెప్పండి, క్లాసు రద్దు చేసిందెవరు అన్నాను. రాణీ అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు. రాసిన పిల్ల కూడా రాణి వైపే వేలు చూపించింది. వాళ్లని తీసుకొచ్చిన టీచరు చెప్పేది లెక్కలేనట, తర్వాత తెలిసింది.

అర్థమైందా? మొదట్లో 'చెప్పు' అన్నాను చూడు, అది ఉత్తరం అందుకునే మనిషితో అన్నది కాదు. అటువైపు కూర్చుని చదివి వినిపించే లేఖకుడితో. ఇటు ఒకడు చెప్తే ఇంకొకడు రాశాడు, అటు ఒకడు చదివితే ఇంకొకడు విన్నాడు. మధ్యలో ఇంకొకడి చెయ్యి, ఇంకొకడి నోరు వచ్చినా మాట మాత్రం మొదటివాడిదే. దానికి రుజువు కావాలంటే ముద్ర ఉండేది. మెళ్లో వేలాడే, బొమ్మలు చెక్కిన చిన్న రాతి గొట్టాన్ని తడిమట్టి మీద దొర్లించేవాళ్లు. ముద్ర లేని మామూలు మనుషులు కట్టుకున్న బట్ట అంచు నొక్కేవాళ్లు, లేదా బొటనవేలి గోరు గుచ్చేవాళ్లు. రాసిన చెయ్యి ఎవరిదని ఎవరూ తగువు పడలేదు. గోరెవరిదో చూసుకునేవాళ్లు, అంతే.

కాబట్టి నువ్వు పరీక్షకి వెళ్తున్నావు. నిన్ను అడగడం లేదు, చెప్తున్నాను. చెప్పి రాయించడం తేలికనుకుంటున్నావేమో, నీ మొహం, అది రాయడం కంటే కష్టం. ముందు వాక్యం మొత్తం బుర్రలో కట్టుకోవాలి. సగం చెప్పి ఆగి, కాదు కాదు కొట్టెయ్ అంటే రాసేవాళ్లకి తల ప్రాణం తోకకొస్తుంది. వాళ్ల చెయ్యి కంటే ముందు పరిగెత్తకూడదు. పెన్ను చప్పుడు వింటూ ఉండు, అది ఆగాకే తర్వాతి మాట. వాళ్లకి స్పెల్లింగ్ తెలియదేమోనన్న చోట విసుక్కోకుండా చెప్పు. వాళ్ల అక్షరాలు నీకు నచ్చకపోయినా నోరు మూసుకో. పేజీ అయ్యాక వాళ్ల వేళ్లకి కాస్త విశ్రాంతి ఇవ్వు. ఇదంతా నాకెలా తెలుసంటావా? వయసులో పెద్దవాణ్ణి, నాకు అన్నీ తెలుస్తాయి.

నీ బుర్రలో ఉన్నది బయటికి రావాలి. నాకు కావాల్సింది అదే. ఆ బుర్ర ఏడాదిపాటు ఇంట్లో కూర్చుని సున్నాలు చుడతానంటే నేను ఒప్పుకోను. శుక్రవారంలోగా సరేనని చెప్పేసి, ఆ కింది తరగతి అమ్మాయితో స్నేహం చేసుకో. చాక్లెట్టు కొనిపెట్టు. లేఖకుల్ని మంచి చేసుకోని రాజు బాగుపడినట్టు మా మ్యూజియంలో ఎక్కడా ఆధారం లేదు.

అమ్మకి నా మాటగా చెప్పు, గోడ ఖాళీగా ఉంటే గోడకే మంచిదని.

నీకంటే మొండివాడు,
మామయ్య

తా.క. పిచ్చుకా, ఈ ముక్క మీ మామయ్య చెప్పింది కాదు. నేను, అత్తయ్యని. ఆయన మంచినీళ్లు తాగడానికి లోపలికెళ్లారు.

ఈ ఉత్తరం రాసింది నేను. నీ గోడ మీదున్నవన్నీ రాసింది కూడా నేనే. మీ మామయ్య చెయ్యి వణుకుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొంచెంగా మొదలైందట, నువ్వు పుట్టేసరికి పెన్ను నిలవకుండా పోయింది. చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది అందుకే. మీ ఇంటికొస్తే సగం గ్లాసు టీ చాలంటారు చూడు, అదీ అందుకే. ఆఫీసులో టైపిస్టుకి చెప్తారు, ఇంట్లో నాకు చెప్తారు. ఉత్తరం మళ్లీ చదువు, ఎక్కడా రాస్తున్నాను అనలేదు. చెప్తున్నాను అనే అన్నారు. మనిషి అంత జాగ్రత్త.

నిన్న ఫోన్‌లో మీ అమ్మ, ఈ వణుకు మా వైపు ఎవరికీ లేదే, పిల్లకి ఎక్కణ్ణించి వచ్చిందో అంది. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టేసి వరండాలోకి వెళ్లిపోయారు. ఇవాళ అన్నం తినగానే పెన్ను తెచ్చుకోమన్నారు. ఇంత పెద్ద పురాణం విప్పారు గానీ అసలు ముక్క మింగేశారు. చెప్పింది చెప్పినట్టు రాయాలి, నా పైత్యం కలపకూడదు అన్నది మా ఇద్దరి ఒప్పందం. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి తప్పడం. నువ్వు నా అక్షరాల కోసం ఏడాది పోగొట్టుకుంటానంటే నేనెలా ఊరుకుంటానే?

వచ్చారు. నా భుజం మీంచి చదివారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు, పెన్ను ఇలా ఇమ్మన్నారు. రెండు చేతులతో పట్టుకుని, బల్లకి మోచేతులు ఆనించుకుని రాశారు. నేను సాయం పట్టబోతే కసురుకున్నారు కూడా. కింద ఉన్నది ఆయన రాత. దాన్ని నేను తిరగరాయను, ఓపిగ్గా కూడబలుక్కుని చదువుకో. పక్కనున్న నొక్కు ఆయన బొటనవేలి గోరు.

*పిచ్చుకా, ఇది నా రాత. పైవన్నీ నా మాటలే.*