ఎనిమిదో వంతు ఇంజన్

మార్చి 4, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. మీ బావకి పిచ్చి ముదిరిందిరా, డీజిల్ రైలింజన్ కడుతున్నాడు, వచ్చి చూడు అంది. ఏ ఇంజన్ అన్నాను. మీరిద్దరూ తోలిందే, కాకపోతే చిన్నది, మీద కూర్చుని తోలుకునేంత అంది. నిన్ను రమ్మంటున్నాడు అని కూడా అంది.

పదహారేళ్ళలో బావ నన్ను రమ్మనడం ఇదే మొదలు. పెళ్ళిళ్ళలో, చావుల దగ్గర ఎదురుపడతాం. బాగున్నావా అంటాడు. బాగున్నాను అంటాను. అక్కడితో సరి.

వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కున్నాను. మురికేం లేదు.

మార్చి 11, ఆదివారం

వెళ్ళాను. రైల్వే ఉద్యోగం పోయాక బావ కట్టెకోత మిల్లులో రంపాలకు పదును పెట్టేవాడు. మిల్లు మూతపడింది. కాపలా ఈయనకే అప్పగించారు. వెనక రేకుల షెడ్డు, దాని ముందు ఇంత ఖాళీ జాగా. షెడ్డులో రెండు బల్లలు కలిపి వాటి మీద ఛాసిస్ పెట్టాడు. రెండు మీటర్ల పైచిలుకు పొడవు. పట్టాల మధ్య ఎనిమిదింపావు అంగుళాలు. పాత పంపుసెట్ డీజిల్ ఇంజన్ ఒకటి లోపల కూర్చోబెట్టి, చెయిన్‌తో ఇరుసులు తిప్పుతాడట. కొలతలన్నీ అసలుదానికి ఎనిమిదో వంతు. మెట్లు, హ్యాండ్ రెయిల్, ఇసుక పెట్టె మూతలు, ఏదీ వదల్లేదు.

ఆయన కళ్ళు బాగా పోయాయి. గ్లకోమా. పక్క చూపు లేదు, ఎదురుగా మసక. రివెట్ మీద బొటనవేలు తిప్పి, ఇది వంకర అంటాడు. నేను అద్దాలు పెట్టుకుని చూస్తే నిజంగానే వంకర.

అక్క టీ తెచ్చింది. చల్లారకముందే తాగమంది. బావ రేకు కోస్తూ వినిపించుకోలేదు. చెప్తే వినే మనిషైతే కదా అంది అక్క. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, ఆ రోజు నువ్వు అంత గట్టిగా అరిచి చెప్పినా విన్నాడా అంది. పదహారేళ్ళ నుంచీ ఇదే మాట. ఉప్పు మర్చిపోయినా, గొడుగు మర్చిపోయినా చివరికి అక్కడికే వస్తుంది. బావ నవ్వి ఊరుకున్నాడు. నేను టీ తాగాను, తేలు కుట్టిన దొంగలాగా.

ఏ వైపు ముందు నడుపుతావు బావా అని అడిగాను. లాంగ్ హుడ్ ముందు అన్నాడు. ఆ రోజు ఎలా ఉందో అలాగే అన్నాడు.

మార్చి 12, సోమవారం. ఉదయం 5

రాయాలి. ఎక్కడా రాయలేదు ఇప్పటిదాకా.

ఆ ఇంజన్‌కి ఒక వైపు పొట్టి ముక్కు, ఇంకో వైపు పొడుగు బానెట్. ఆ పొడుగుదే లాంగ్ హుడ్. అది ముందుంటే, ఎడమ వంపులో సిగ్నల్ డ్రైవర్‌కి కనపడదు. బానెట్ అడ్డం. ఎడమ కిటికీలో ఉన్న అసిస్టెంట్‌కే కనిపిస్తుంది. అందుకే పిలుపు. డ్రైవర్ సిగ్నల్? అంటాడు. అసిస్టెంట్ చూసి రంగు చెప్తాడు. డ్రైవర్ అదే రంగు తిరిగి అంటాడు. ఆయన కళ్ళు నేను. కంటితో చూడు, నోటితో చెప్పు, చూడకుండా నోరు తెరవకు. నాకు ఈ పని నేర్పిందే బావ.

ఆ వంపులో ఆ టైముకి ఆ బండికి రెండేళ్ళలో గ్రీన్ తప్ప ఇంకో రంగు చూడలేదు. ఆ రోజు నేను వంగి బూటు లేసు కట్టుకుంటున్నాను. సిగ్నల్? అన్నాడు. గ్రీన్ అన్నాను. గ్రీన్ అన్నాడు. తలెత్తేసరికి రెడ్ దాటిపోతోంది. బావ బ్రేక్ వేశాడు. ముందు లైను మీద ఇద్దరు గ్యాంగ్‌మెన్ పని చేస్తున్నారు.

ఎంక్వైరీలో నేను రెడ్ అని అరిచాను, ఆయన వినలేదు అని చెప్పాను. ఎందుకు చెప్పానంటే భయం వేసి. ఇంకే కారణమూ లేదు, ఉందని రాస్తే అది ఇంకో అబద్ధం. నాకు గ్రీన్ అని వినిపించింది అని మాత్రం బావ అన్నాడట. ఆయన్ని తీసేశారు. నేను డ్రైవర్‌నయ్యాను, పూలదండ వేయించుకుని రిటైరయ్యాను.

ఆయనకి అంతా తెలుసు. తెలిసే పిలిచాడు. లేకపోతే లాంగ్ హుడ్ ముందు అని ఎందుకంటాడు?

ఏప్రిల్ 8, ఆదివారం

ఛాసిస్‌ని చక్రాల బోగీల మీద ఎక్కించాం. నా చేతిలో స్పానర్, ఆయన చేతిలో ఇరుసు. పాత లెక్కనే మాట్లాడకుండా పని నడిచింది. ఎప్పుడు తిడతాడా అని చూశాను. తిట్టలేదు.

ఏప్రిల్ 9

చెప్పలేదు.

ఏప్రిల్ 29, ఆదివారం

మనుషులు కూర్చోవడానికి ఇంజన్ వెనక ఒక ట్రాలీ. క్యాబిన్‌లో లాగా ఇద్దరికీ పక్కపక్కన సీట్లు వేశాడు. నాది ఎడమవైపు. కూర్చున్నామో లేదో ట్రాలీ నా వైపు ఒరిగింది, ఇద్దరం గడ్డిలో పడ్డాం. అక్క పగలబడి నవ్వింది. ఇంజన్‌ని ఎనిమిదో వంతు చేశావు, మా తమ్ముడి పిర్రల్ని ఎవరు చేస్తారు అంది. నేనూ నవ్వాను. అయ్యో, అంత నవ్వు నవ్వి ఎన్నాళ్ళయింది.

ఒకరి వెనక ఒకరు కూర్చునేలా మార్చాం. ముందు ఆయన, వెనక నేను. నా నోరు ఆయన చెవి పక్కనే వస్తుంది. ఇదే నయం అన్నాడు బావ, ఇక వినపడలేదనడానికి వీల్లేదు.

మే 6, ఆదివారం

ఈ రోజు సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు.

అక్క బజారుకి వెళ్ళింది. జాగా చుట్టూ పట్టాల కింద చెక్కలు పరుస్తున్నాం. ఈ వయసులో ఇదంతా ఎందుకు బావా అన్నాను. తిడితే ఇప్పుడే తిట్టేస్తాడు, వదిలిపోతుంది అనుకుని.

నేను నాలుగుసార్లు చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను, మీ అక్కకి తెలియదు అన్నాడు బావ. హెడ్‌ఫోన్ పెట్టి టిక్కుటిక్కుమనిపిస్తారు, వినపడితే చెయ్యెత్తాలి. నాలుగుసార్లూ చెవులు భేషుగ్గా ఉన్నాయన్నారట. మరి నువ్వు రెడ్ అంటే నాకు గ్రీన్ అని ఎలా వినపడిందిరా అని అడిగాడు. నన్నే అడిగాడు. నా గొంతులో గ్రీన్ అనే మాట ఇప్పటికీ స్పష్టంగా వినిపిస్తుందట. అది తన బుర్రలో పురుగు అనుకుంటున్నాడు.

ఈ కళ్ళు పూర్తిగా పోయేలోపు ఒక్కసారి, అదే ఇంజన్, అదే వంపు, నువ్వు వెనక నుంచి రెడ్ అనాలి, నేను విని ఆపాలి, అంతే అన్నాడు. అది అయితే చాలు, నిద్ర పడుతుంది అన్నాడు.

తెలిసి పిలిచాడు అనుకున్నాను. ఆయనకి ఏమీ తెలియదు. నా మాటే నమ్మాడు. తన రెండు చెవుల కంటే నన్ను ఎక్కువ నమ్మాడు.

ఒక్క మాట చెప్తే ఆయన చెవులు ఆయనకి తిరిగొస్తాయి. నోరు తెరిచాను. ఈ చెక్క కాస్త జరుపు అన్నాను.

మే 20, ఆదివారం

ఎడమ వంపులో సిగ్నల్ పాతాం. నడుమెత్తు ఇనప గొట్టం, దాని మీద రెండు గిన్నెలు. గ్రీన్ బల్బు వెలిగింది. రెడ్ గిన్నె ఖాళీ. ఆ బల్బు మెల్లగా పెడదాం అన్నాడు. స్విచ్ డబ్బా అక్కకిచ్చాం.

మొదటి రన్ అయిపోయాక చెప్తాను. ఆయన సంతోషంగా ఉన్నప్పుడు చెప్తాను.

జూన్ 3

చెయిన్ జారుతోంది. ఒక లింకు తీసేశాను. ఇప్పుడు బిగుతు. మళ్ళీ పెట్టాను.

జూన్ 17, ఆదివారం. సాయంత్రం 6

మొదటి రన్.

ఇంజన్ ఒక్క పట్టున అందుకుంది. ఆ శబ్దం చిన్నదే కానీ, పొగ వాసన అదే. బావ హారన్ కొట్టాడు. అక్క వంపు దగ్గర ముక్కాలిపీట వేసుకుని, స్విచ్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మనిషి వడిగా నడిచేంత స్పీడు. సిగ్నల్? అన్నాడు. గ్రీన్ అన్నాను. గ్రీన్ అన్నాడు. వీపు నిటారుగా పెట్టుకుని ఉన్నాడు, పాత డ్రైవర్ లాగా.

ఒక రౌండు. రెండు. ఆరు. అన్నీ గ్రీన్. రెడ్ బల్బు పెట్టలేదు కదా, ఇంకేం వస్తుంది అనుకున్నాను. ఏడో రౌండులో చెయిన్ టపటపమంది. మళ్ళీ జారుతోందేమోనని వంగి చూస్తున్నాను. సిగ్నల్? అన్నాడు.

గ్రీన్ అన్నాను.

గ్రీన్ అన్నాడు.

తలెత్తాను. రెడ్. పొద్దున్నే ఇద్దరూ కలిసి ఆ బల్బు పెట్టారట, నాకు చెప్పకుండా. దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయాం. అక్క ముక్కాలిపీట మీద నుంచి లేచి నిలబడి ఉంది. బావని చూడడం లేదు. నన్నే చూస్తోంది.

షెడ్డు దగ్గర ఆగాక బావ, పెట్టావా రెడ్? అని అడిగాడు. అంత ఆశగా అడిగాడు. అక్క స్విచ్ డబ్బా పట్టుకుని దగ్గరికి వచ్చింది. మర్చిపోయాను అంది. బావ నవ్వాడు. చెప్తే వినే మనిషివైతే కదా అన్నాడు.

గేటు దాకా అక్క నా వెంట వచ్చింది. ఆ రోజు కూడా ఇంతేనా అని అడిగింది. ఇంతే అన్నాను. పదహారేళ్ళు ఆ మనిషిని నా నోటితో పొడిచాను కదరా అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

వచ్చే ఆదివారం లోపల నువ్వే చెప్పు అంది. నేను చెప్తే, మొగుడి మీద జాలితో కల్పించాననుకుంటాడు, నీ నోటితోనే వినాలి అంది.

జూన్ 19

బస్ స్టాప్ దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

జూన్ 21, గురువారం

చెప్పాను.

బావ చెయిన్‌కి గ్రీజు రాస్తున్నాడు. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. ఆ రోజు రెడ్ అనలేదు, గ్రీన్ అన్నాను, చూడకుండా అన్నాను. ఆదివారం నాడు కూడా అదే చేశాను.

మళ్ళీ చెప్పు అన్నాడు. చెప్పాను. మళ్ళీ అన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు, తల ఒక పక్కకి వంచి, ఇంజన్‌లో తేడా శబ్దం వింటున్నట్టు. అయితే నాకు సరిగ్గానే వినపడింది అన్నాడు. గుడ్డపేలికతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఈ పాటికి ఏడ్చేసి ఉండేవాణ్ణి.

ఆ ఇద్దరి పేర్లు గుర్తున్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. రోజూ తలుచుకుంటావా అన్నాడు. అప్పుడప్పుడు అన్నాను. నేను రోజూ తలుచుకున్నాను, పొద్దున లేవగానే, నేనే చంపానని అన్నాడు. ఇక నువ్వు తలుచుకో అన్నాడు.

నా స్పానర్ల సంచీ వెతికి, తడుముకుంటూ తెచ్చి చేతికిచ్చాడు. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. టీ తాగి వెళ్ళమనలేదు.

జూన్ 22

లేవగానే రెండు పేర్లు.

జూలై 1, ఆదివారం

మిల్లు గోడ బయట నిలబడ్డాను. లోపల హారన్. సిగ్నల్? అని బావ గొంతు. రెడ్ అని అక్క గొంతు. రెడ్ అన్నాడు బావ. ఇంజన్ ఆగింది.